అది గ్రాఫిక్స్ కాదండీ, నేను

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన శనివారం మీ పేపర్లో సినిమా పేజీలో ఒక చిన్న సినిమా మీద సమీక్ష వచ్చింది. కొండమీద క్వారీ పేలుళ్ళకి అడవి జంతువులు పిచ్చెత్తి ఊరిమీద పడే కథ. సినిమా పేరు రాయను. రాస్తే ఈ ఉత్తరం నిర్మాతే రాయించాడనుకుంటారు. ఆయన నాకు ఇంకా ఆరు వేలు ఇవ్వాలి. ఊరికే పబ్లిసిటీ చేసిపెట్టేంత స్నేహం మా మధ్య లేదు.

మీ సమీక్షకుడు ఒకటిన్నర రేటింగ్ ఇచ్చాడు. ఇవ్వనివ్వండి. కథలో కొత్తదనం లేదన్నాడు, అదీ ఒప్పుకుంటాను. మధ్యలో ఆ పాట ఎందుకన్నాడు. ఆ ముక్క షూటింగ్ జరిగేటప్పుడు మేమంతా అనుకున్నదే. కానీ ఎలుగుబంటి గ్రాఫిక్స్ మరీ నాసిరకంగా ఉన్నాయని ఒక వాక్యం రాశాడు చూడండి, అక్కడ నాకు ముద్ద దిగలేదు. ఆ సినిమాలో గ్రాఫిక్స్ లేవండీ. ఒక్క షాట్ కూడా లేదు. ఆ ఎలుగుబంటిని నేనే.

నాది విజయవాడ. ఆటోనగర్లో లారీలకి, బస్సులకి సీట్లు కుట్టే పని. నలభై ఏళ్ళుగా ఇదే. వయసు అరవై ఒకటి. ఈ ఉత్తరం నేను చెబుతుంటే మా చిన్నమ్మాయి ఫోన్లో టైపు కొడుతోంది. మధ్యమధ్య 'ఇది వద్దు నాన్నా' అని కొన్ని మాటలు తీసేసింది. సమీక్షకుడి గురించి అన్నవే అవన్నీ.

వేషం నాకు కొత్త కాదు. మా నాన్న కృష్ణలంకలో పేరున్న పులి. దసరా వచ్చిందంటే తొమ్మిది రోజులూ ఆయన మనిషిగా ఇంట్లో ఉన్న గుర్తు నాకు లేదు. తెల్లవారుజామున అరుగు మీద నిలబెట్టి ఒళ్ళంతా పసుపు రంగు పూసి, ఆరేదాకా చేతులు బార్లా చాపి ఉంచేవాళ్ళు. కూర్చుంటే రంగు పగులుతుంది. తర్వాత నల్లచారలు. రాత్రి ఇంటికొచ్చాక కిరోసిన్ గుడ్డతో తుడిచి కొబ్బరినూనె రాసేది మా అమ్మ. ఆ వాసనకి మా ఇంట్లో దసరా అంటే పులిహోర వాసన కాదు, కిరోసిన్ వాసన. డప్పు మీద దెబ్బ పడితే ఆయన అడుగు మారిపోయేది. వెనక్కి వంగి నేలమీది నిమ్మకాయని పంటితో తీసేవాడు. నేను పదహారో ఏట మొదలుపెట్టి ముప్పై అయిదు దాకా వేశాను. ఆ తర్వాత మోకాలు ఒప్పుకోలేదు.

నాన్న నాకు నేర్పింది అడుగులు కాదు. అవి చూస్తే వస్తాయి. 'జనం వంక చూడకురా. పులికి నువ్వూ నేనూ ఏం పని? దాని దారిన అది పోతున్నట్టు పో. నువ్వు జనాన్ని చూశావా, వాళ్ళకి నీ మొహం దొరికిపోద్ది' అనేవాడు. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

సినిమా నా దగ్గరికి ఎలా వచ్చిందంటే, గుంటూరు అరండల్‌పేట కుర్రాడొకడు వాళ్ళ నాన్న ట్రాలీ ఆటోకి సీటు వేయించడానికి వచ్చాడు. ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం మానేసి, షార్ట్ ఫిలిమ్స్ తీస్తున్నాడు. షాపులో గోడకి మా నాన్న పులివేషం ఫోటో ఉంటుంది. దాన్ని అరగంట చూశాడు. సీటు తీసుకుని వెళ్ళిపోయి, వారం తర్వాత మళ్ళీ వచ్చి 'బాబాయ్, ఎలుగుబంటి వేస్తావా?' అన్నాడు. నేను నవ్వాను. మా కుర్రాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వారు.

అతని బాధ ఏమిటంటే, మొత్తం బడ్జెట్ ముప్పై ఎనిమిది లక్షలు. హైదరాబాద్‌లో గ్రాఫిక్స్ వాళ్ళు చెప్పిన రేటు అందులో సగం. పోనీ నిజం జంతువుని తెద్దామా అంటే జైలుకి పోతాం. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, ఈ అయిదింటికీ శిక్షణ ఇచ్చి ఆడించడం మన దేశంలో నిషేధం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్రం 1998లో నోటిఫికేషన్ ఇచ్చింది. అందుకే ఇప్పుడు సినిమాల్లో పులి వస్తే తెర మూల గ్రాఫిక్స్ అని అక్షరాలు పడుతుంటాయి. అడవి జంతువుల దాకా ఎందుకు, ఊరకుక్కని చూపించాలన్నా 2001 రూల్స్ ప్రకారం జంతు సంక్షేమ మండలికి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఆఫీసు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. మా సినిమాలో మూడు కుక్కలున్నాయి. మూడింటికీ పశువుల డాక్టరు చూసి ఆరోగ్యంగా ఉన్నాయని సర్టిఫికెట్ ఇచ్చాడు. మే నెలలో, పధ్నాలుగు కిలోల బొచ్చు తొడుక్కుని, అరవై ఏళ్ళ మనిషి నాలుగు కాళ్ళ మీద పరిగెత్తుతుంటే, నాకు మాత్రం ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు.

వేషం నేనే కుట్టాను. దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను, ఏమీ అనుకోకండి. ఇది నా పని. వస్త్రలత బట్టల మార్కెట్లో తిరిగి తిరిగి నల్ల ఫర్ గుడ్డ తొమ్మిది మీటర్లు తెచ్చాను. అది మరీ నున్నగా, బొమ్మలకి వేసేదానిలా ఉంది. ఎలుగుబంటి బొచ్చు అలా ఉండదు. చింపిరిగా, మెడ చుట్టూ జూలులాగా ఉంటుంది. అందుకని జనపనార నల్లరంగులో ఉడకబెట్టి, ఆరబెట్టి, కుచ్చులు కుచ్చులుగా మెడకీ భుజాలకీ కుట్టాను. లోపల సీట్లకి వేసే రెండంగుళాల ఫోమ్. పిరుదుల దగ్గర మూడు పొరలు. ముట్టె బూడిదరంగు రెగ్జిన్. ఛాతీ మీద తెల్లటి 'వి' ఆకారం మచ్చ. గోళ్ళు నాలుగంగుళాలు, నీళ్ళ పైపు వేడిచేసి, వంచి, అరగదీసినవి. కళ్ళకి లారీ వెనకాల పెట్టే రిఫ్లెక్టర్లు. లైటు పడితే ఎర్రగా వెలుగుతాయని నేనే పెట్టాను. అది పొరపాటని తర్వాత తెలిసింది.

ఇక నడక. చిన్నప్పుడు మా పేటకి ఎలుగుబంటిని ఆడించేవాడు వచ్చేవాడు. ముక్కుకి తాడు, చేతిలో కర్ర, డమరుకం. పిల్లలకి జడుపు జ్వరం వస్తే ఎలుగు మీద కూర్చోబెట్టేవాళ్ళు, దాని వెంట్రుక తాయెత్తులో కట్టించేవాళ్ళు. నన్నూ కూర్చోబెట్టారు. వెచ్చగా, చెమట వాసనగా, లోపల గుండె కొట్టుకోవడం తొడలకి తెలుస్తూ ఉండేది. జడుపు నాకు పోయింది కానీ దానికి పట్టుకున్నట్టుంది, వణుకుతూనే ఉంది. దేశంలో చివరి ఆట ఎలుగుబంటిని 2009లో విడిపించి బెంగళూరు దగ్గర ఆశ్రయానికి పంపారని పేపర్లో చదివినప్పుడు నాకు ఆ వణుకే గుర్తొచ్చింది.

కానీ ఆ నడక తాడు కట్టిన నడక. అడవిలో నడక అది కాదని చెప్పింది నల్లమలలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన ఒక ఫారెస్టు ఉద్యోగి. ఒకరోజు షూటింగ్ చూడ్డానికి వచ్చి, నన్ను చూసి పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా 'అది అడుగు వేసేటప్పుడు ముందు పాదాలు లోపలికి తిప్పుతుందండీ' అన్నారు. ఆయన పుణ్యాన నేను తెలుసుకున్నది చాలా ఉంది. ఎలుగుబంటికి తిండి చెదలు, చీమలు, తేనె, రేగుపళ్ళు, ఇప్పపూలు. పుట్టని గోళ్ళతో తవ్వి, ముందు మట్టిని ఉఫ్ అని ఊది, తర్వాత చెదల్ని పీల్చేస్తుంది. ఆ పీల్చడానికి వీలుగా దానికి పైవరసలో ముందుపళ్ళు రెండు ఉండవు. ఆ శబ్దం రాత్రిపూట వంద గజాలు వినబడుతుందట. చూపు తక్కువ. తల పుట్టలో పెట్టుకుని, సొంత చప్పుడులో మునిగిపోయి ఉంటుంది కాబట్టి మనిషి దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. హఠాత్తుగా తెలిసేసరికి అదీ హడలిపోతుంది. పారిపోయే టైము లేదనుకుంటే మీద పడుతుంది. వీపు మీద పిల్లలుంటే ఇక చెప్పక్కర్లేదు. తినడానికి కాదు. కానీ ఆ గోళ్ళు పడేది మొహం మీద.

మీ సమీక్షకుడు కథ చెబుతూ 'నరమాంసం మరిగిన ఎలుగుబంటి' అని రాశాడు. సినిమాలో అది ఎవర్నీ తినదు. దయచేసి చూసి రాయమనండి.

నిర్మాతకి మొదట చిరుత కావాలి. పోస్టర్ మీద చిరుత ఉంటే బయ్యర్లు కొంటారని గాంధీనగర్లో ఎవరో చెప్పారట. డైరెక్టరు ఒప్పుకోలేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపని చిరుత తీసుకుపోయింది కదండీ. ఆ తర్వాతే కొండెక్కే భక్తులకి కర్రలు ఇచ్చారు. 'ఆ అమ్మానాన్నలు టీవీ పెడితే మన సినిమా వస్తుంది సార్, నేను తీయలేను' అన్నాడు. మంచిమాటే. కానీ నాకో అనుమానం వచ్చి అడిగాను. మరి ఎలుగుబంటి వల్ల పోయినవాళ్ళ ఇళ్ళల్లో టీవీలు లేవా? 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో జీడితోటల దగ్గర ఎలుగుబంటి ఒక రైతుని చంపి మరికొంతమందిని చీరేసింది. దాన్ని పట్టుకున్నాక అదీ చచ్చిపోయింది. ఇవన్నీ అతనికీ తెలుసు. జవాబు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత స్క్రిప్టులో ఒక సీను కలిపాడు.

ఆ సీనులో టీకొట్టు ఉంటుంది. ఒక ముసలాయన తలమీదుగా తువ్వాలు కప్పుకుని, ఒక్క కన్ను మాత్రం కనబడేలా, గోడవైపు తిరిగి టీ తాగుతుంటాడు. హీరో ఫ్రెండు ఏదో జోకు వేస్తాడు. టీకొట్టామె 'ఆయన్ని ఎలుగు కొట్టింది బాబూ, పదేళ్ళయింది' అంటుంది. అంతే. ఎలుగు దెబ్బ తిన్నవాళ్ళు అలాగే గోడవైపు తిరిగి తాగుతారని ఫారెస్టు ఆయన చెప్పిందే ఇది. మీ సమీక్షలో దీన్ని 'అనవసరపు సెంటిమెంటు' అన్నారు. ఆ ముసలాయన వేషం వేసింది తెనాలి నాటకాల్లో యాభై ఏళ్ళు ధర్మరాజు వేసిన మనిషి. మొహం కనబడని వేషానికి ఆయన్నెందుకు అని నిర్మాత అడిగాడు. గ్లాసు పట్టుకున్న తీరు చూడండి, ఎందుకో తెలుస్తుంది.

షూటింగ్ నల్లమలలో అని తెరమీద పడుతుంది. రిజర్వ్ ఫారెస్టులో షూటింగ్‌కి పర్మిషన్, ఫీజు, అంతా మా తాహతుకి మించింది. అది నందిగామ దగ్గర సుబాబుల్ తోట. వరసగా నాటిన చెట్లు కాబట్టి కెమెరా కొంచెం పక్కకి జరిగితే అడవి కాస్తా పేపరుమిల్లు సరుకు అయిపోతుంది. అందుకని అన్నీ ఏటవాలుగా తీశారు. కొబ్బరి పీచు, సాంబ్రాణి కలిపి పొగ. పదకొండు రాత్రులు. వేషం లోపల ఎంత చెమట పట్టేదంటే, తీశాక ఫోమ్ పిండితే బక్కెట్టు అడుగు నిండేది. మా ఆవిడ పోరు పడలేక రోజూ నిమ్మకాయ సోడా, ఉప్పు వేసి తాగాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ సమీక్షలో ఒక్క ముక్క కూడా లేనిది ఇదే.

ఎలుగు ఊపిరి శబ్దం ఎలా పెట్టాలని డైరెక్టరు తల పట్టుకున్నాడు. ఇంటర్నెట్లో దొరికినవన్నీ వేరే ఎలుగుబంట్లు, వేరే దేశాలవి. ఒకరోజు నా షాపు ముందు కూర్చుని ఉండగా, పక్క షెడ్డులో పదహారు చక్రాల లారీ డ్రైవరు ఎయిర్ బ్రేకు వదిలాడు. ఫుస్స్... మని. రోజూ వినేదే కదా, నాకు వినబడదు కూడా. ఆ రోజు ఎందుకో వినబడింది. 'ఒరేయ్ బాబూ, పుట్ట ఊదడం ఇదే కదా' అన్నాను. అతను లేచి నిలబడ్డాడు. తెల్లవారుజామున నాలుగింటికి, ఆటోనగర్లో చప్పుడు లేనప్పుడు, ఆ డ్రైవరుని బతిమాలి, టీ తాగించి, పాతికసార్లు బ్రేకు వదిలించి రికార్డు చేశాం. దాన్ని నెమ్మది చేస్తే, ఒట్టు, వెన్నులో చలి పుట్టింది.

అప్పుడు చెప్పాడు డైరెక్టరు. ఇదే ఉపాయం 1942లోనే అమెరికావాళ్ళు చేశారట. క్యాట్ పీపుల్ అని ఒక సినిమా. నల్ల చిరుతగా మారే అమ్మాయి కథ. నిర్మాత వాల్ ల్యూటన్, డైరెక్టరు జాక్ టూర్నర్. డబ్బులు లేవు, కాబట్టి చిరుతని చూపించకుండా నీడలతో, అడుగుల చప్పుడుతో లాక్కొచ్చారు. అందులో ఒకామె రాత్రి ఒంటరిగా రోడ్డు మీద నడుస్తుంటే వెనకాల అడుగుల చప్పుడు, ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోవడం, ఆమె పరిగెత్తడం, ఒక్కసారి బుస్సుమని శబ్దం. చూస్తే బస్సు. అది వచ్చి ఆగిన చప్పుడు. ఫోన్లో చూపించాడు. ఆటోనగర్ మనిషిని కదా, బస్సు చప్పుడుకి నేను ఉలిక్కిపడటం నా జన్మలో అదే మొదలు. స్టూడియోవాళ్ళు పట్టుబడితే ఒకచోట చిరుతని చూపించక తప్పలేదట వాళ్ళకి. దాన్నీ చీకట్లో దాచేశారు.

ఆ కుర్రాడి దగ్గర ఇలాంటివి చాలా ఉన్నాయి. జనరేటరు పాడైన రాత్రల్లా ఒకటి చెప్పేవాడు. 1975లో వచ్చిన జాస్ తీసేటప్పుడు స్పీల్‌బర్గ్ చేయించిన మర షార్కు ఉప్పునీళ్ళకి మాటిమాటికీ మొరాయించిందట. అందుకని నీళ్ళమీద పీపాలు తేలుతున్నట్టు, సంగీతం దగ్గరికొస్తున్నట్టు చూపించి సగం సినిమా నడిపారు. అది బాగుండి ఉంటే సినిమా అంత భయపెట్టేది కాదంటాడు. మా కథకి మూలం ఏదని అడిగితే, 1977లో డే ఆఫ్ ది యానిమల్స్ అని ఒకటుందని ఒప్పుకున్నాడు. ఓజోన్ పొర దెబ్బతిని, ఎండలోని కిరణాలు సోకి, కొండల మీది జంతువులన్నీ మనుషుల మీద పడతాయి. 'వాళ్ళకి అప్పట్లో ఓజోన్ భయం బాబాయ్, మనకి క్వారీ' అన్నాడు. కాపీ అని మీరు రాస్తే నేను కాదనను, చిత్రంగా మీవాడికి అదొక్కటీ దొరకలేదు.

మా సినిమాలో ఆ బ్రేకు శబ్దం ఎలా వాడాడో చెబుతాను. హీరో తండ్రి రాత్రి త్రీఫేజ్ కరెంటు వచ్చిందని మోటారు వేయడానికి టార్చిలైటు పట్టుకుని తోటలోకి వెళ్తాడు. మాటల్లేవు. చెప్పుల చప్పుడు. వెనకాల ఎక్కడో ఫుస్స్. ఆగుతాడు. లైటు తిప్పుతాడు. ఏమీ ఉండదు. మళ్ళీ నాలుగడుగులు. ఈసారి దగ్గరగా ఫుస్స్. తిరిగి చూస్తే రోడ్డు మీద క్వారీ లారీ ఆగి ఉంటుంది. డ్రైవరు బ్రేకు వదిలాడన్నమాట. ఆయన తనలో తాను తిట్టుకుని, చుట్ట వెలిగించుకుంటాడు. లారీ వెళ్ళిపోతుంది. దాని ఎర్రలైట్లు మలుపు తిరిగి మాయమయ్యేదాకా మనం చూస్తూనే ఉంటాం. చప్పుడంతా పోయాక, చీకట్లో, తీరిగ్గా, ఫుస్స్.

గాంధీనగర్లో మొదటి రోజు మ్యాట్నీకి వెళ్ళాను. బాల్కనీలో పాతికమంది, కింద ఇంకో నలభై. అంతకుముందు దాకా సెల్‌ఫోన్లు, సమోసాలు, కామెంట్లు. ఆ మూడో ఫుస్స్‌కి నా ముందు వరసలో కాలేజీ కుర్రాడు కాళ్ళు రెండూ పైకి తీసి సీట్లో ముడుచుకున్నాడు. పక్కన ఒక పెద్దావిడ, ఎవరో నాకు తెలీదు, నా మోచెయ్యి పట్టుకుంది. ఆ రెండు నిమిషాలు నేను తెరని చూడలేదు, జనాన్నే చూశాను. మా నాన్న చూడొద్దన్నాడు, కానీ అప్పుడు నేను వేషంలో లేను కదా. మూడుసార్లు వెళ్ళాను ఆ సీను కోసం, మూడుసార్లూ కాళ్ళు పైకి లేచాయి. అందులో ఎలుగుబంటి ఉండదు. నేను ఆ రాత్రి చెట్టుకింద నిద్రపోతున్నాను.

తర్వాత క్లైమాక్స్. నిర్మాత రషెస్, అంటే అప్పటిదాకా తీసిన ముక్కలు, చూసి 'ఇంత ఖర్చుపెట్టి ఎలుగుని కుట్టించి దాన్ని చూపించకపోతే ఎలా?' అన్నాడు. ఆయన కోణంలో న్యాయమే. డబ్బు ఆయనది. రెండు పెద్ద లైట్లు తెప్పించి, నన్ను నిలబెట్టి, కెమెరా మొహానికి జానెడు దూరంలో పెట్టించాడు. 'లెన్సులోకి చూడు, కోపంగా చూడు' అన్నాడు. నేను నాన్న మాట చెప్పాను. వినలేదు. రిఫ్లెక్టర్ల మీద లైటు పడి రెండు కళ్ళూ లారీ వెనకాల ఉన్నట్టే మెరిశాయి. చేతులు పైకెత్తినప్పుడు చంక దగ్గర కుట్టు పిగిలి, జిప్పు కనబడింది. ఇది నేను ఒప్పుకుంటాను. సీటు దారంతో కుట్టాల్సింది, తొందరలో మామూలు దారం వాడాను. దానికి తోడు గాండ్రింపు ఎక్కడిదో సింహానిది తెచ్చి అతికించారు. హాల్లో గొల్లుమని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, సైడు ఇండికేటర్లు పెట్టుకున్న ఎలుగుబంటి అది.

కాబట్టి మీ సమీక్షకుడు నవ్వడంలో తప్పు లేదు. ఆయన సగంలో వచ్చాడేమోనని మాత్రం నా అనుమానం. మా చిన్నతనంలో విఠలాచార్య గారి సినిమాలకి వెళ్ళేవాళ్ళం. హీరో డేట్లు ఇవ్వకపోతే హీరోని చిలకనో జంతువునో చేసేసి షూటింగ్ కానిచ్చేవాడని ఆయన గురించి చెప్పుకుంటారు. లోపల మనిషున్నాడని నేలటిక్కెట్టు వాళ్ళందరికీ తెలుసు. అయినా ఈలలు వేసేవాళ్ళు, భయం వేసినచోట భయపడేవాళ్ళు. ఇప్పుడు వేషం కనబడితే అది వేషమని కూడా తట్టదు, చెడిపోయిన గ్రాఫిక్స్ అనుకుంటున్నారు. నా మనసు నొచ్చుకుంది అక్కడండీ. నాసిరకం అన్నందుకు కాదు. పదకొండు రాత్రులు మోకాళ్ళ మీద నడిచిన మనిషి ఒకడున్నాడని ఆయన ఊహకి కూడా రాలేదు.

మోకాలి సంగతి ఎత్తాను కాబట్టి చెబుతున్నాను, ఎడమది ఇంకా వాపు దిగలేదు. డాక్టరు ఏం పని చేశారని అడిగితే సీట్ల పని అని చెప్పాను.

డైరెక్టరు కుర్రాడు సమీక్ష చూసి రెండు రోజులు ఫోను తీయలేదు. మూడోరోజు షాపుకి వచ్చి, ఏం మాట్లాడకుండా కూర్చుని, పక్క షెడ్డులో లారీ బ్రేకు వదిలితే ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఇంకో కథ ఉందట. ఈసారి అడవిపంది. దానికి బొచ్చు తక్కువ, ఫోమ్ ఎక్కువ పడుతుంది. కోరలు చూపించాలి కాబట్టి నీళ్ళపైపు పనికిరాదు, వేరేది వెతకాలి. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

నా పేరు అచ్చువేయొద్దని మనవి. మా పెద్దమ్మాయి అత్తగారివాళ్ళకి నేను సినిమాలో చేశానని తెలుసు గానీ, ఏం వేషమో తెలీదు. ఫారెస్టు ఆఫీసరు వేషమనుకుంటున్నారు.

మీరు దిద్దుబాట్లు వేసే చోట ఒక్క లైను వేస్తే చాలు: శనివారం నాటి సమీక్షలో 'గ్రాఫిక్స్' అని ఉన్నచోట 'వేషం' అని చదువుకోవాలి. 'నాసిరకం' అన్నది అలాగే ఉంచినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
సీట్ల మేస్త్రి,
ఆటోనగర్, విజయవాడ